మృచ్ఛకటికమున వసంతసేన తల్లి: స్థౌల్యమునందలి లింగభేదవిచారము

స్థూలశబ్దము విశేషణము. విశేష్యము ననుసరించి అది స్థూలః, స్థూలా, స్థూలమ్ అని మూఁడు రూపములు దాల్చును. ప్రత్యయము మాఱినంతమాత్రమున అర్థము మాఱదు. పుంలింగమందలి స్థౌల్యము కంటె స్త్రీలింగమందలి స్థౌల్యము ఒక గురిగింజయెత్తైనను అధికము కాదు. ఇది శాస్త్రమర్యాద. ప్రయోగమర్యాద వేఱుగా నున్నది. పురుషుని స్థౌల్యము బలమనియు, కలిమియనియు, గాంభీర్యమనియు వ్యవహరింపఁబడుచుండఁగా, స్త్రీ స్థౌల్యము హాస్యమనియు, గర్వమనియు, అమంగళమనియు వ్యవహరింపఁబడుచున్నది. ఒక్క ధర్మమునకు ఆశ్రయభేదమువలన ఇంత ఫలభేద మెట్లు కలిగెను? దీనిని శబ్దప్రయోగమునుండి యారంభించి, శూద్రకుని మృచ్ఛకటికమందలి యొక చిన్నపాత్రదాఁక విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. ఆ పాత్ర వసంతసేన తల్లి. పండితులు ఆమెను నాలుగవ యంకమున చూచి నవ్వుదురు. తొమ్మిదవ యంకమున నామెను గుర్తింపక దాఁటిపోవుదురు.

ముందుగా స్త్రీశబ్దమునే చూతము. స్త్రియామ్ అను నధికారసూత్రముపై భాష్యకారుఁడు లింగమన నేమని విచారించెను. స్తనకేశాదులగు శరీరచిహ్నములే లింగమందమా, మంచమును చెట్టును చెప్పు శబ్దములకు లింగ మెట్లు కుదురునని యాక్షేపించి, ఆ లౌకికలక్షణము వ్యాకరణమునకుఁ జాలదని త్రోసిపుచ్చెను. పిదప స్త్రీత్వమును సంస్త్యానమని నిర్వచించెను. స్త్యై ధాతువునకు శబ్దముతోపాటు సంఘాత మర్థము, అనఁగా కూడి చిక్కనగుట. వైయాకరణుల మతమున స్త్రీశబ్దము ఘనీభావార్థకమైన ధాతువునుండి పుట్టినది. ఏ శబ్దమునకు చిక్కదనమే ప్రకృతియో ఆ శబ్దవాచ్యమైన వ్యక్తికి బక్కదనమే యలంకారమని విధించుట కవిసమయమునకే చెల్లినది.

ఇఁక నిఘంటువు. అమరసింహుఁడు మనుష్యవర్గమున మాంసలుఁడు, అంసలుఁడు అను పదములను బలవంతునికిఁ బర్యాయములుగాఁ జెప్పెను. మాంసము లేనివానిని దుర్బలునితోఁ జేర్చెను. కండ గలవాఁడు బలవంతుఁడు, లేనివాఁడు దుర్బలుఁడు అని తాత్పర్యము. అంసలశబ్దమునకు పాణిని ప్రత్యేకముగా సూత్రము చేసెను (5-2-98). వత్సశబ్దమునుండి ప్రేమార్థమునను, అంసశబ్దమునుండి బలార్థమునను ఒకే ప్రత్యయము వచ్చును. వత్సలుఁడనఁగా దూడలు గలవాఁడు కాఁడు. అంసలుఁడనఁగా ఊరక భుజములు గలవాఁడు కాఁడు. దేహమును చెప్పు పదము గుణమును చెప్పు పదముగా నెదిగినది. తుందిలుఁడు (5-2-117), తుందిభుఁడు (5-2-139) అను పదములు పెద్దపొట్టవానికి సిద్ధించినవి. పొట్ట నిమురుకొనుచుఁ గూర్చుండు సోమరికి తుందపరిమృజుఁడను పదము గలదు (3-2-5). అది నిందయే, కాని సోమరితనమునకు నింద. పొట్టకుఁ గాదు. పొట్టవాఁడు పనిచేసినచో ఆ నింద తొలఁగును.

స్త్రీశరీరమునకు వచ్చునప్పటికి శాస్త్రము నిష్పక్షపాతముగానే యున్నది. నాసిక, ఉదరము మొదలగు నంగవాచకములు తుదినున్న బహువ్రీహికి స్త్రీలింగమున ఙీష్ వైకల్పికమని పాణిని చెప్పెను (4-1-55). కావునఁ గృశోదరి, కృశోదర యని రెండు రూపములు. లంబోదరి, లంబోదర యనియు నట్లే రెండు రూపములు. ఉదరము చిన్నదైనచో ఙీష్ కలదనియు, పెద్దదైనచో లేదనియు సూత్రకారుఁ డనలేదు. వాఁకిలి రెంటికిని తెఱచియే యుంచెను. కవులు మాత్రము ఒక్కదానినే లోనికిఁ బిలిచిరి. కృశోదరీ, తనుమధ్యా యను సంబోధనములు కావ్యములలో నెన్నిమాఱులు వచ్చునో లెక్కింప నలవి కాదు. లంబోదరి యను సంబోధనము ప్రియురాలియెడల నొక్కమాఱు వచ్చిన కావ్యమును జూపుట కష్టము. లంబోదరుఁడో, ప్రతికార్యారంభమునందును ప్రథమవంద్యుఁడు.

ఇచ్చట పూర్వపక్ష మొకటి గలదు. మన కవులు పుష్టిగల స్త్రీనే మెచ్చిరి కదా. పీనపయోధర యనియు, పృథునితంబ యనియు, కరభోరువనియు వర్ణించిరి కదా. పాణిని సైతము ఉపమానపూర్వకమైన ఊరుశబ్దమునకు ఊఙ్‌ప్రత్యయమును విధించెను కదా (4-1-69). ఏనుఁగుతొండమువంటి తొడలను బొగడిన జాతికి స్థౌల్యద్వేష మెక్కడిదని.

సమాధానము. అవయవము వేఱు, అవయవి వేఱు. కవులు స్థౌల్యమును అవయవములకుఁ బంచియిచ్చిరి, అవయవికి నిరాకరించిరి. ఇన్ని యంగములందు ఘనత యుండవలెను, నడుమ మాత్రము ఉన్నదో లేదో యని సంశయము కలుగవలెను. మన ప్రబంధకవులు నడుమును ఆకాశముతోఁ బోల్చి, శూన్యవాదముతో ముడివెట్టి, కడకు లేదనియే తేల్చిరి. నిజమైన మేదస్సు అట్లు అంగముల నేఱుకొని నిలువదు. వర్ణింపఁబడిన దేహము లోకములో పుట్టిన దేహము కాదు; చూచువాని యిచ్ఛ యెక్కడెక్కడఁ బాఱినదో అక్కడక్కడ మాంసము పెట్టి తక్కినచోట తొలఁచిన బొమ్మ. పురుషవర్ణనమున విశాలవక్షము, దీర్ఘబాహువులు పొగడఁబడినను అవి వాని పనికి సాధనములుగాఁ బొగడఁబడినవి.

దీని కొక్కటే మినహాయింపు. గర్భవతికి గుర్విణి యని పేరు. రఘువంశము మూఁడవ సర్గమున కాళిదాసు సుదక్షిణను మొదట చిక్కినదానిగాను, దౌహృదక్లేశము గడచిన పిమ్మట నిండిన యంగములు గలదానిగాను వర్ణించెను. కవికి అక్కడ వెగటు లేదు, ఎగతాళి లేదు. ఏలయనఁగా ఆ భారము రఘువుది. తనకొఱకు మోయు భారము స్త్రీకి దోషము, ఇతరునికొఱకు మోయు భారము గౌరవము! గౌరవమను మాటయు గురుశబ్దమునుండి పుట్టినదే. బరువే దాని మొదటి యర్థము.

పెండ్లిచూపుల ఘట్టమునకు దండి దశకుమారచరితమున నొక నిదర్శన మిచ్చెను. దానిని కేతన తెనుఁగునకుఁ దెచ్చెను. కాంచీనగరపు ధనికుఁడు శక్తికుమారుఁడు తనకుఁ దగిన కన్య నన్వేషించుచు పోయి గోమినిని చూచును. ఆమె యవయవములలో నేదియు మిక్కిలి లావు గాను, మిక్కిలి సన్నముగాను లేదని మొదలుపెట్టి కాలివ్రేళ్లనుండి తలవెండ్రుకలదాఁక సాముద్రికరీతిని పరీక్షించును. ఆ పరీక్షకుని దేహ మెట్టిదని కథ చెప్పదు. అతని ధనమును మాత్రము చెప్పును. మన యిండ్లలో నేఁటికిని జరుగుచున్న వ్యవహారమునకు ఇది మూలప్రతివలె నున్నది. వరుని బొజ్జ తిన్నయింటి గుర్తు. వధువు నడుము చర్చనీయాంశము.

వైద్యుని దృష్టి వేఱు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ యధ్యాయము ఎనిమిదివిధములగు నిందితులను చెప్పి, వారిలో నతిస్థూలునకు ఎనిమిది దోషములను గణించెను. ఆయుస్సు తగ్గుట, వేగము కుంటువడుట, దౌర్బల్యము, దుర్గంధము, చెమట, అధికమైన యాఁకలి దప్పులు అందుఁ జేరినవి. సంభోగకష్టమును ఒక దోషముగాఁ జెప్పుటంబట్టి వైద్యుని యెదుట నిలిచిన రోగి తఱచుగా పురుషుఁడే యని యూహింపవచ్చును. ఐనను, అతఁడు స్థౌల్యమును శీలముతో ముడివెట్టి స్త్రీని నిందింపలేదు. చికిత్స చెప్పెను. కవి మాత్రము చికిత్స లేని నవ్వు నవ్వెను.

తెనుఁగుమాటల నడిగినను ఇదే చెప్పును. లావు అను పదమునకుఁ బ్రాచీనార్థము బలము. పోతన గజేంద్రుఁడు తన లావు తఱిగినదని వాపోవునప్పుడు సన్నబడితినని యతని భావము కాదు. ఆ పదమే నేఁడు స్థౌల్యమునకు పేరైనది. "వాఁడు లావుపాటి మనిషి" యన్నప్పుడు ప్రాఁతయర్థపు నీడ యింకను మిగిలియున్నది. "ఆమె లావైపోయినది" యన్నప్పుడు ఆ నీడ లేదు, జాలియో యేవగింపో గలదు. క్రొవ్వునకు మేదస్సనియు, గర్వమనియు రెండర్థములు. బలియుట యను క్రియయు నట్టిదే. మగవానికి ఈ మాటలు వాఁడు చేసిన దుండగమునుబట్టి తగులును. ఆఁడుదానికి ఆమె శరీరమును చూచినంతనే తగులును. క్రొవ్వినదన్నప్పుడు ఆమె చేసిన తప్పేమని యడుగువాఁడు లేఁడు.

దేవతలయందును ఈ భేదము పోలేదు. భాద్రపదశుద్ధచవితినాఁడు తెలుఁగిండ్లలో చదువుకొను కథయందు వినాయకుఁడు కుడుములారగించి వంగలేక యిబ్బందిపడుట చూచి చంద్రుఁడు నవ్వును. పార్వతి చంద్రుని శపించును. బొజ్జను చూచి నవ్వినవానిని చూచుటయే నీలాపనిందకు హేతువైనది. ఆహా, ఎంత మంచి కథ! పిల్లలకుఁ జెప్పఁదగినది. ఇఁక పాలకడలినుండి లక్ష్మికంటె ముందు పుట్టిన జ్యేష్ఠాదేవిని చూడుఁడు. శిల్పములలో నామె వ్రేలాడు పొట్టతోను, వ్రాలిన స్తనములతోను కూర్చుండి యుండును; కంచి కైలాసనాథాలయమునందు నామె విగ్రహము గలదు. ఒకనాఁడు పూజలందుకొన్న యా తల్లి నేఁడు మన వాడుకలో దరిద్రమునకు పేరు. పెద్దమ్మ నెత్తినెక్కినదనుట శాపమువంటి మాట. ఉద్దాలకుఁ డామెను పెండ్లాడి రావిచెట్టుక్రింద విడిచిపోయెనని పద్మపురాణకథ. అచ్చట హేతువు పొట్ట కాదు, వేదధ్వని గల చోట నామె నిలువలేకపోవుట. ఆ మాట దాఁచరాదు. కాని అమంగళమునకు రూపము కావలసివచ్చినప్పుడు శిల్పి యెట్టి దేహము నెన్నుకొనెను? విఘ్నమును తొలఁగించువానికిని లంబోదరమే, అలక్ష్మికిని లంబోదరమే. ఒకరి పొట్టకు కుడుములు నైవేద్యము; ఒకరి పొట్టను తలఁచుటయే యపశకునము. ఆమెను చూచి నవ్వినవానిని శపించు తల్లి యెవ్వరు?

ఈ ప్రశ్నతో మృచ్ఛకటికమునకు వత్తము. నాలుగవ యంకమున మైత్రేయుఁడు వసంతసేన గృహమునకుఁ బోయి, ఎనిమిది ప్రకోష్ఠములను ఒకదాని తర్వాత నొకటి చూచుచు వర్ణించును. ఎనిమిదవదానియందు వసంతసేన తల్లి కనఁబడును. పూలబట్ట కప్పుకొని, నూనెతో మెఱయు పాదములకు చెప్పులు తొడిగికొని, ఎత్తైన యాసనముపైఁ గూర్చున్నది. ఎవరని యడుగఁగా చేటి చెప్పును. వెంటనే విదూషకుఁడు ఆమె పొట్టను చూచి, ఈమెను ముందు లోపల ప్రతిష్ఠించి పిదప ద్వారము కట్టిరా యని పరిహసించును. చేటి వారించి, మా యమ్మ చాతుర్థికజ్వరముచేఁ బీడింపఁబడుచున్నదని చెప్పును. అతఁడు మానఁడు. చాతుర్థికభగవానుఁడా, ఈ బ్రాహ్మణునిపైఁ గూడ నట్టి దయయే చూపుమని ప్రార్థించును. చేటి కసరుకొనును. అప్పుడతఁడు ఆమె మద్యపానముచే నట్లైనదనియు, చచ్చినచో వేయినక్కలకు విందగుననియు పలుకును.

ఈ హాస్యమును మూఁడు మెట్లుగా విడఁదీయవచ్చును. మొదటిది ఇల్లు చాలని దేహమను నతిశయోక్తి, అది చమత్కారమే. రెండవదానియందు విదూషకుని గుట్టు బయటపడినది. అతఁ డామె పొట్టను రోయుట లేదు, కోరుచున్నాఁడు. చారుదత్తుని కలిమినాఁడు తిన్న మోదకములను తలఁచుకొని కుందువానికి పెద్దపొట్ట భాగ్యచిహ్నము. తనకు దొరికినచో వరము, ఆమెయం దున్నచో పరిహాసము. మూఁడవది క్రూరము. రోగమని విన్న తర్వాతఁగూడ వినిపించుకొనక రోగమును దోషముగా, దోషమును చావుగా, చావును నక్కల విందుగా మార్చినాఁడు. స్థూలస్త్రీలు లోకములో నెదుర్కొను మాటలు సరిగా నీ మూఁడుమెట్లపైననే నడచును: మొదట సరసము, పిదప నిదానము తెలిసినట్లు నటించుట, తుదకు శీలనింద. రోగముచే నైనదని చెప్పినను నమ్మరు; తిండిచేతనే యందురు. చేటి మాట మనము గమనింపవలెను. నాటకములో నామెకొఱకు నోరు విప్పినది ఆ దాసి యొక్కతెయే.

కొందఱిట్లందురు. ఇది స్థౌల్యమునకైన నవ్వు కాదు, వేశ్యమాతయను వృత్తికైన నవ్వు. కుట్టని యెప్పుడును సంస్కృతహాస్యమునకుఁ బాత్రయే యని. కొంత నిజమే. కాని ఆ యింటనే, ఆ ప్రకోష్ఠముననే, పట్టుబట్టలతో నాభరణములతో తిరుగు వసంతసేన సోదరుఁడును గలఁడు. అతఁడు కూడ ఆ సొమ్ముపైననే బ్రదుకువాఁడు. విదూషకుఁడు అతని పుట్టుకను తపస్సును ఎత్తిపొడిచెను గాని దేహము జోలికిఁ బోలేదు. వృత్తినింద యిద్దఱకును సమానము. దేహనింద ఒక్కతెకే యధికము.

మఱికొందఱు భీముని చూపుదురు. అతఁడును వృకోదరుఁడని పిలువఁబడెను కదా. ద్రోణపర్వమున కర్ణుఁ డతనిని తిండిపోతని తూలనాడెను కదా యని. వృకోదరశబ్దము జఠరాగ్నిని చెప్పును, బొజ్జను కాదు. కర్ణుని మాట రణమున శత్రువాడిన మాట. ఇంటిలో మాత్రము కుంతి యేకచక్రపురమున భిక్షాన్నమును రెండుపాళ్లు చేసి, ఒకపాలు భీమునికిచ్చి, రెండవపాలు తక్కిన నలువురకును తనకును పంచెను. ఆ సగమును ఎవ్వరును తప్పుపట్టలేదు. బకుని చంపు చేతులకు అది వెల. తల్లి పాలు ఎంతయో వ్యాసుఁడు వేఱుగాఁ జెప్పలేదు.

ఇఁక తొమ్మిదవ యంకము. వసంతసేనను చంపెనని చారుదత్తునిపై శకారుఁడు నేరము మోపినాఁడు. అధికరణికుఁడు సాక్ష్యమునకై ఆమె తల్లిని పిలిపించెను. ఆమె వచ్చినది. నాలుగవ యంకమున వాఁకిలి చాలదని పరిహసింపఁబడిన దేహమే న్యాయసభ వాఁకిలి దాఁటి వచ్చినది. అధికరణికుఁడు స్వాగతము పలికి కూర్చుండు మనును. శకారుఁడు ముసలికుట్టని యని తిట్టును. ఆ సభలో నామెను వెక్కిరించువాఁడు అతఁ డొక్కఁడే. కూఁతురు ఎక్కడికిఁ బోయినదని యడుగఁగా చారుదత్తుని యింటికని నిజము చెప్పును. తన మాటవలననే యతనికి ముప్పు వచ్చుచున్నదని తెలియఁగానే అట్టి పని యతఁడు చేయఁడని వాదించును. సొమ్ములు బయటపడి నేరము రూఢియగు సమయమునఁగూడ, నా కూఁతురు పోయిన పోనిండు, ఇతఁడు బ్రదుకవలెనని వేఁడును. అంతటితో నాఁగదు. వ్యవహారము వాదిప్రతివాదులకు సంబంధించినది. ఇందు వాదిని నేను. కావున నీతనిని విడువుఁడని ధర్మశాస్త్రయుక్తిని చూపును. సభలోనివారిలో నిట్లు తర్కింపఁగలిగినది ఆమె యొక్కతెయే. ఆమె మాట చెల్లలేదు, ఆమెను పంపివేసిరి. ఏడ్చుచు వెడలిపోయినది.

పుత్రికాశోకమున మునిఁగియుండియు నిరపరాధిని కాపాడఁజూచిన యీ తల్లి కంటె నుదాత్తమైన సాక్షి మన నాటకములలో నరుదు. శూద్రకుఁ డామెకు పేరు పెట్టలేదు. తొమ్మిదవ యంకమున నామె దేహమును గుఱించి యొక్క మాటయైనను వ్రాయలేదు. నాలుగవ యంకమందలి నవ్వును కవి తెలిసియే యెదురుచూపునకుఁ బెట్టినాఁడని నా యభిప్రాయము. ముందు ఆమెను పొట్టగాఁ జూపి, పిదప మనస్సుగాఁ జూపినాఁడు. నవ్వినవాఁడు మైత్రేయుఁడు, తిట్టినవాఁడు శకారుఁడు. ఒకఁడు నాయకుని మిత్రుఁడు, ఒకఁడు శత్రువు. ఈ యొక్క విషయమున మిత్రుఁడును శత్రువును ఒక త్రాటిపై నడచిరి. దీనిని గ్రహింపక నాలుగవ యంకమును వేఱుగాఁ దీసి పాఠము చెప్పి నవ్వించి ఊరకుండు బోధన యసంపూర్ణము.

దృశ్యకావ్యము నేఁడు చలనచిత్రమైనను రీతి మాఱలేదు. 1957 నాఁటి మాయాబజారున ఎస్.వి. రంగారావుగారి భారీవిగ్రహము ఘటోత్కచునికి రాజసమైనది. అతని భోజనఘట్టము ఉత్సవమైనది. ఆ ఘటోత్కచుఁడే శశిరేఖ రూపము దాల్చి, సావిత్రిగారి సుకుమారశరీరమున నదే బరువైన నడక నడచినప్పుడు నవ్వు పుట్టినది. నడక యొక్కటే, లింగము మాఱినంతనే రసము మాఱినది. సూర్యకాంతముగారు (1924–1994) గొప్ప నటి. ఆమె పుష్టిదేహమునకు మన చిత్రసీమ తఱచుగాఁ జూపిన స్థానము గయ్యాళి యత్తది. 1962లో వచ్చిన గుండమ్మకథ ఆమె పాత్రపేరనే వెలసినది. కాని కథాప్రయోజనము ఆమె పొగరు అణఁచుటయే. రంగారావుగారి పుష్టికి రాజ్యములు, సూర్యకాంతముగారి పుష్టికి గుణపాఠములు దక్కినవి.

కావ్యవిమర్శకుఁడు లోకమును దిద్దఁగలఁడా యని యడుగవచ్చును. దిద్దలేకపోవచ్చును. కాని లోకము తన నవ్వునకుఁ బ్రమాణముగాఁ గావ్యమును చూపునప్పుడు ఆ ప్రమాణమును పరీక్షించుట వాని విధి. విందుపంక్తిలో బొజ్జగల పెద్దమనిషి విస్తరిలో మఱియొక లడ్డు వేయుదురు. పుష్టిగల యిల్లాలి విస్తరివైపు పదికన్నులు చూచును. ఆమె చేయి ముడుచుకొనును. కానుపుల వలన, వ్యాధుల వలన, వయస్సు వలన, లేక యే హేతువును లేకయే దేహము పెరిగిన స్త్రీ దినదినమును చంద్రుని నవ్వు వినుచున్నది. ఆమె పక్షమున శపింప పార్వతి రానక్కఱలేదు. చేటివలె నొక్కరు వారించినఁ జాలును. అధికరణికునివలె నొక్కరు కూర్చుండుమన్నఁ జాలును.

సూత్రము లంబోదరికిని కృశోదరికిని ఒకే ప్రత్యయము నిచ్చినది. ప్రయోగము కూడ నట్లే యీయవలెనని నా మనవి. తొమ్మిదవ యంకమున వసంతసేన తల్లి మాటలు, ఆ రాజసభలో నెవ్వరికిని దోఁపని యుక్తి, మరల నొకమాఱు చదివి, ఆ పిమ్మట నాలుగవ యంకమున నవ్వవలెనో లేదో విద్వాంసులు నిర్ణయింతురు గాక.